అద్దం లేని డిజైను బల్ల... కొనే ముందు కొలత చూడాలి

అమరావతి: ‘‘అద్దం ఒక్కటే లేదండీ, మిగతాదంతా నిక్షేపంలా ఉంది’’ అంటాడు అమ్మేవాడు. ‘‘అద్దమే కదా, ఎక్కడైనా దొరుకుతుంది’’ అనుకుంటాడు కొనేవాడు. చవకగా వచ్చిందన్న సంబరంతో బల్ల ట్రక్కు ఆటో ఎక్కి ఊళ్లోకి దిగుతుంది. తీరా వసారాలో పెట్టి చూస్తే అది బల్ల కాదు, వంకర తిరిగిన నాలుగు కొయ్యలు. మంచినీళ్ల చెంబు పెట్టుకోవడానికైనా చోటుండదు.

పట్నాల్లో ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు, హోటళ్లు సామాను మార్చినప్పుడు, విదేశాలకు వెళ్లేవాళ్లు ఇల్లు సర్దేసినప్పుడు ఇలాంటి డిజైను బల్లలు, టీపాయిలు పాత సామాన్ల కొట్లకు చేరుతుంటాయి. అడుగు భాగం మంచి టేకుతోనో, స్టీలుతోనో, ఇత్తడితోనో చేసి ఉంటుంది. దానిమీద ఊరికే ఆనించిన అద్దం మాత్రం ముందే పోతుంది. లారీలో ఎక్కించేటప్పుడు పగులుతుంది. లేదంటే గోదాములో ఒకచోట బల్ల, ఇంకొకచోట అద్దం పడి దేనికది అమ్ముడుపోతుంది. అలాంటి బోడి బల్లలు అమరావతి, సత్తెనపల్లి వంటి ఊళ్లకు రావడంలో వింతేమీ లేదు. దానికి మళ్లీ అద్దం వేయించడం దగ్గరే అసలు చిక్కు వస్తోంది.

చాలామంది చేసే పని ఒకటుంది. ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టుకు వెళ్లి ‘‘మూడడుగులు, రెండడుగులు’’ అని నోటి లెక్క చెప్పి ఒక ముక్క కోయించి తెచ్చేస్తారు. ఫొటోకు వేసే అద్దం మందం రెండు మూడు మిల్లీమీటర్లు. కిటికీకి వేసేది నాలుగైదు మిల్లీమీటర్లు. గోడకు వేలాడే పటం మీద ఎవరూ మోచెయ్యి ఆనించరు, కిటికీ మీద ఎవరూ కూర్చోరు. బల్ల సంగతి అలా కాదు. పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషి లేచేటప్పుడు దానిమీద చెయ్యి మోపి లేస్తాడు. పండక్కి వచ్చిన మనవడు దానిమీదికెక్కి గంతులేస్తాడు. మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి పొడవాటి పెంకులవుతుంది. అవి మణికట్టునో తొడనో కోస్తే ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం మీదికి రావచ్చు. బల్ల చవకగా వచ్చిందని అద్దం దగ్గర కూడా చవక చూసుకుంటే అసలుకే ఎసరు.

బల్లే సాక్ష్యం చెబుతుంది

అద్దం కోయించే ముందు పాత అద్దం ఎంత ఉండేదో తెలుసుకోవాలి. అమ్మినవాడిని అడిగితే వాడికీ తెలియదు. బల్లను అడగాలి.

అడుగు భాగాన్ని పగటి వెలుతురులో తిప్పి చూస్తే గుర్తులు కనబడతాయి. అద్దం ఆనిన చోట పాలిష్ రంగు ఒక తీరుగా, ఎండ తగిలిన చోట ఇంకో తీరుగా ఉంటుంది. అద్దం జారకుండా అంటించే రబ్బరు బిళ్లల జిగురు మరకలు మిగిలి ఉంటాయి. అవి ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే అద్దం ఎక్కడ కూర్చునేదో తెలుస్తుంది. చట్రంలో గాడి ఉంటే పని సగం తీరినట్టే. గాడి లోతే అద్దం మందం చెబుతుంది. చట్రంలోంచి మేకుల్లాంటి ఇనుప ముక్కలు పైకి పొడుచుకొని ఉంటే పాత అద్దానికి రంధ్రాలు ఉండేవన్నమాట. కొత్త అద్దానికీ వాటి సూటిలోనే రంధ్రాలు వేయించాలి.

పేరున్న బల్ల అయితే సాక్ష్యం ఇంకా దూరం నుంచి కూడా వస్తుంది. ప్రపంచంలో ఎక్కువగా నకలు కొట్టిన అద్దపు బల్లల్లో ఒకటి ఇసాము నొగుచీ బల్ల. నొగుచీ తండ్రి జపాను కవి, తల్లి అమెరికా ఆమె. ఆయన వృత్తి శిల్పం. ఒకే తీరులో వంపు తిరిగిన రెండు కొయ్య ముక్కలను, ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా పెట్టి, మధ్యలో ఒక్క ఇరుసుతో కలిపాడు. వాటిమీద మూడు మూలలూ గుండ్రంగా తిరిగిన దళసరి అద్దం ఆనించాడు. మేకు లేదు, జిగురు లేదు. అద్దం బరువే అద్దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. హెర్మన్ మిల్లర్ కంపెనీ 1947లో ఆ బల్లను అమ్మకానికి తెచ్చింది, 1973లో ఆపింది, 1984లో తిరిగి మొదలుపెట్టింది.

ఈ కథలో మన పనికొచ్చే ముక్క వేరే ఉంది. మొదట్లో ఆ బల్ల అద్దం మందం అంగుళంలో ఎనిమిది వంతులకు ఏడు వంతులు, అంటే దగ్గర దగ్గర 22 మిల్లీమీటర్లు. 1965 నుంచి దాన్ని ముప్పావు అంగుళానికి, అంటే 19 మిల్లీమీటర్లకు తగ్గించారు. ఒకే బల్ల, ఒకే కంపెనీ, సంవత్సరాన్ని బట్టి మందం మారిపోయింది. ఆ అద్దం పోయిందని పది మిల్లీమీటర్ల ముక్క పెడితే చూడటానికి పెద్దమనిషి నెత్తిన చంటిపిల్లాడి టోపీ పెట్టినట్టుంటుంది. అంతకంటే ముఖ్యం, బరువు చాలక అద్దం జారుతుంది. బల్ల ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో తెలిస్తే ముందు ఆ కంపెనీ కొలతలు వెతికించుకోవడం మేలు. చదువుకున్న కుర్రాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు, ఫోనులో చూసి చెబుతారు. అయితే మన దగ్గరికి వచ్చేవాటిలో అసలు కంటే నకలే ఎక్కువ కాబట్టి కాగితం మీది కొలతను బల్ల మీద మరోసారి సరిచూసుకోవాలి.

అట్ట కోయాలి

నలుచదరం బల్లకు టేపు చాలు. అప్పుడైనా నాలుగు వైపులూ కొలిచి ఊరుకోకూడదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు రెండు ఐమూలలూ కొలవాలి. రెండూ సమానంగా లేకపోతే చట్రం వంకర పోయిందని అర్థం. పాత బల్లల్లో నూటికి చాలావాటికి ఈ తేడా ఉంటుంది. వంకర చట్రానికి సరి మూలల అద్దం తెస్తే ఒకవైపు బిగుసుకుంటుంది, ఇంకోవైపు సందు కనబడుతుంది.

వంపులున్న బల్లకు టేపు పనికిరాదు. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె విప్పి బల్లమీద పరచి పెన్సిలుతో గీసి కోయాలి. కోసిన అట్టను రెండు రోజులు బల్లమీదే ఉంచి చుట్టూ తిరిగి చూడాలి. మోకాలికి తగులుతోందా, కుర్చీ లోపలికి జరుగుతోందా అన్నది అప్పుడే తేలిపోతుంది. అట్టను కత్తెరతో ఎన్నిసార్లయినా సవరించుకోవచ్చు. అద్దాన్ని సవరించలేం. పైముఖం ఏదో, గోడవైపు ఏదో అట్టమీద రాయడం మరవకూడదు. ఇది రాయక అట్టను బోర్లించి కోసిన అద్దాలు కొట్లలో మూలన పడి ఉంటాయి.

గాడిలో కూర్చునే అద్దమైతే చుట్టూ రెండేసి మిల్లీమీటర్లు తగ్గించి కోయించాలి. ఇనుము, ఇత్తడి ఎండకు సాగుతాయి. పల్నాటి ఎండలో ఆ మాట వేరే చెప్పనక్కర్లేదు. అద్దం అంచు లోహానికి నేరుగా తగలకూడదు, మధ్యన రబ్బరు ఉండాలి.

పోయినదాన్ని గీత ఎలా నిలబెడుతుందో అమరావతి వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ ఊరు కట్టించేటప్పుడు దీపాలదిన్నెలో తవ్విన రాళ్లు ఇళ్లకూ గుళ్లకూ పోయాయి. 1797లో ఒకసారి వచ్చి చూసిన కాలిన్ మెకంజీ 1816లో తన సర్వేయర్లతో మళ్లీ వచ్చి, అప్పటికి మిగిలిన రాళ్ల బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో లండన్ వెళ్లాయి. ఇప్పుడు స్తూపం పై పలకల్లో కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని ఊళ్లో మ్యూజియంలో ఉన్నాయి. అడుగు దిమ్మె మాత్రం ఇక్కడే ఉంది. పోయిన రాళ్లు ఎలా ఉండేవో పండితులు చెప్పగలుగుతున్నారంటే ఆ గీతల పుణ్యం చాలా ఉంది. ఇంట్లో అద్దపు బల్ల ఉన్నవాళ్లు అద్దం పగలకముందే దాని చుట్టూ గీసిన అట్ట ఒకటి అటక మీద పడేసి ఉంచితే రేపు ఈ అవస్థ ఉండదు.

మందం, బరువు

అద్దం బరువు లెక్క సులువు. చదరపు మీటరు అద్దం ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు బల్లకు 6 మిల్లీమీటర్ల అద్దం సుమారు 17 కిలోలు, 12 మిల్లీమీటర్లదైతే 33 కిలోలు, 19 మిల్లీమీటర్లదైతే 53 కిలోలు. అంటే సగం బస్తా ధాన్యం పైన.

పూర్తి చెక్క మీద పరిచే అద్దానికి ఐదారు మిల్లీమీటర్లు చాలు. కింద చెక్కే మోస్తుంది. నాలుగువైపులా చట్రం ఉండి మధ్య ఖాళీ అయితే ఎనిమిది పది కావాలి. నాలుగు కాళ్ల మీదనో, మధ్య దిమ్మె మీదనో నిలబడి అంచులు బయటికి వచ్చే అద్దానికి పది, పన్నెండుకు తగ్గకూడదు. బల్ల పెద్దదయ్యే కొద్దీ ఇంకా పెరగాలి. మధ్య దిమ్మె బల్లలతో ఇంకో ప్రమాదం ఉంది. దిమ్మె మరీ ఇరుకైతే పిల్లవాడు అంచు పట్టుకొని వేలాడగానే అద్దం రెండోవైపు లేస్తుంది. దిమ్మె అద్దం వెడల్పులో మూడింట రెండు వంతులైనా ఆక్రమించాలి. అంత లేకపోతే అద్దాన్ని పెద్దది చేయాలన్న మోజు వదులుకోవాలి.

‘‘అద్దమెందుకు, మన మాచర్ల నాపరాయి పలక ఒకటి పడేస్తే పోలా’’ అనేవాళ్లు ఉన్నారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. రాయి అద్దంలా పెంకులై పగలదు, వేడి గిన్నె పెట్టినా బాధ లేదు. అదీగాక గాజు పుట్టిందీ రాతినుంచే. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కరిగిస్తే గాజు. స్తూపానికి తొడిగిన తెల్లటి పలకలు పల్నాటి సున్నపురాయే, పిడుగురాళ్ల బట్టీల్లో కాలేదీ సున్నపురాయే. ఒకే మందానికి రాయీ గాజూ ఇంచుమించు ఒకే బరువు. చిక్కెక్కడంటే నాపరాయిని పన్నెండు మిల్లీమీటర్లకు పలచన చేసి కాళ్ల మీద నిలబెట్టలేం, మధ్యన విరుగుతుంది. అంగుళం రాయి వేస్తే ఇందాకటి నాలుగు మూడడుగుల బల్లమీద 70 కిలోలు దాటిపోతుంది. అద్దానికని చేసిన సన్నటి కాళ్లు ఆ బరువుకు బిగి సడలి పక్కకు ఒరుగుతాయి. దిట్టమైన ఇనుప చట్రమైతే రాయి వేసుకోవచ్చు. కానీ కింద అంత ముచ్చటైన కొయ్యపనిని రాతితో కప్పేస్తే డిజైను బల్ల కొని ఏం లాభం? చూడటానికే గదా అద్దం పెట్టింది.

ప్లాస్టిక్ తరహా యాక్రిలిక్ పలక ఇంకో దారి. బరువు అద్దంలో సగానికి లోపే, పగిలినా పెంకులు కావు. పసిపిల్లల ఇంట్లో ఆలోచించదగ్గదే. గీతలు తొందరగా పడతాయి, పొడవు ఎక్కువైతే మధ్యలో జారుతుంది.

టఫెన్డ్ అద్దం

అద్దం అద్దమే అనుకోవడం పొరపాటు. కరిగిన తగరం మీద గాజును తేలించి, రెండు ముఖాలూ నున్నగా వచ్చేలా పలకలు పోసే పద్ధతిని ఇంగ్లండులో అలస్టెయిర్ పిల్కింగ్టన్ బృందం కనిపెట్టింది. 1959లో అది లోకానికి తెలిసింది. మన కొట్లలోకి వచ్చే అద్దమంతా దాదాపు ఈ పద్ధతిదే. సెయింట్ గోబైన్ కంపెనీ 2000లో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో ఇలాంటి కార్ఖానా పెట్టింది.

ఆ పలకను 600 డిగ్రీలకు పైగా కాచి, ఒక్కసారిగా చల్లగాలి కొట్టి ఆర్పితే పైపొర బిగుసుకుంటుంది. దాన్నే టఫెన్డ్ అద్దం అంటారు. మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు దెబ్బకు ఆగుతుంది. పగిలితే పెంకులు కాకుండా పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. కాళ్లకు గీరుకోవచ్చు గానీ నరాలు తెగవు. కాళ్ల మీద నిలిచే బల్లకు ఇదే వేయించాలి. ఇందులో బేరం లేదు. ఇంకా జాగ్రత్త కావాలంటే రెండు పలకల మధ్య పల్చటి పొర అంటించిన లామినేటెడ్ అద్దం ఉంది. అది పగిలినా పెంకులు పొరను పట్టుకొనే ఉంటాయి, కారు ముందు అద్దంలాగా.

టఫెన్డ్ అద్దానికి ఒక మొండితనం ఉంది. కొలిమిలోంచి వచ్చాక దాన్ని కోయకూడదు, రంధ్రం వేయకూడదు, అంచు అరగదీయకూడదు. వజ్రపు కలం పెడితే అంతా పలుకులై రాలుతుంది. కాబట్టి పరిమాణం, రంధ్రాలు, మూలల గుండ్రన, అంచు పాలిష్ అన్నీ ముందే తేలాలి. అర అంగుళం ఎక్కువైతే వెనక్కి పోయి కొత్తది చేయించుకోవడమే. అట్ట గురించి ఇంత చెప్పింది అందుకే. మధ్య భాగం గట్టిదైనా అంచు దానికి మర్మస్థానం. సుత్తి తగిలినా ఆగే అద్దం మూల రాతి గచ్చుకు తగిలితే పగులుతుంది. చాలా అరుదుగా లోపలి మలినం వల్ల దానంతటదే పగిలే సందర్భాలూ లేకపోలేదు.

ఎలా పోల్చుకోవాలి? మంచి టఫెన్డ్ అద్దం మూలన చెరగని ముద్ర ఉంటుంది. ఈ రకం అద్దానికి భారత ప్రమాణం సంఖ్య ఐ.ఎస్. 2553. నల్ల కళ్లద్దాల్లో పోలరైజ్డ్ రకం పెట్టుకొని ఎండలో ఏటవాలుగా చూస్తే టఫెన్డ్ అద్దంలో మచ్చలు మచ్చలుగా నీడలు కనబడతాయి. ముద్ర లేని అద్దాన్ని ‘‘ఇది టఫెన్డేనండీ’’ అంటే బిల్లు మీద ఆ మాట రాయమనాలి. రాయనన్నాడా, జవాబు వచ్చేసినట్టే.

చిన్న ఊళ్లలో కొలిమి ఉండదు. కొట్టువాళ్లు అట్ట తీసుకొని గుంటూరుకో విజయవాడకో ఆర్డరు పంపుతారు. ధర చదరపు అడుగు లెక్కన కడతారు. గుండ్రటి, వంపుల అద్దానికి దాన్ని కోయడానికి పట్టే నలుచదరం మొత్తానికీ డబ్బు తీసుకోవడం రివాజు. రంధ్రానికి, అంచు పాలిష్‌కు, మూలల గుండ్రనకు వేరే లెక్క. ముందే అడగకపోతే బల్ల ధర కంటే అద్దం ధర ఎక్కువై గుండె గుభేల్మంటుంది. అందుకని బోడి బల్ల బేరం చేసేటప్పుడే అద్దం ఖర్చు తెలుసుకొని, ఆ మేరకు ధర తగ్గించమని అడగడం తెలివైన పని. మామూలు అద్దం అంచు పచ్చగా కనబడుతుంది, ఇసుకలోని ఇనుము వల్ల. తెల్లగా కావాలంటే ఇనుము తగ్గించిన రకం ఉంది గానీ ఖరీదు. రైతు వసారాలో బల్లకు పచ్చ అంచు నామోషీ ఏమీ కాదు.

పాత బల్ల విలువ

అద్దం వేసే హడావుడిలో అడుగు భాగానికి కొత్త పెయింటు కొట్టించేవాళ్లున్నారు. కాస్త ఆగాలి. చండీగఢ్ ఉదంతం గుర్తుంచుకోవాల్సినది. లె కార్బూజియే దాయాది పియేర్ జన్నరే 1950లలో ఆ ఊరి ఆఫీసులకు, కాలేజీలకు టేకు కుర్చీలు, బల్లలు డిజైను చేయించాడు. దశాబ్దాలు వాడాక పాతబడ్డాయని తుక్కు లెక్కన వేలం వేశారు. అవే విదేశీ వేలాల్లో లక్షలు పలికాయి. 2011లో కేంద్ర హోంశాఖ వాటి అమ్మకాన్ని, ఎగుమతిని ఆపమని ఉత్తర్వు ఇచ్చాకగానీ వాటి విలువ చాలామందికి తెలియలేదు. ఆఫీసు పేరు, వరస సంఖ్య రంగుతో రాసిన అక్షరాలే వాటికి ఆనవాలు. ఎవరో అవి మురికి అనుకొని గీకేస్తే ఆనవాలు పోయింది.

పల్నాడుకు వచ్చిన ప్రతి బల్లా చండీగఢ్ బల్ల కాదు. అయినా అడుగున ముద్ర, చీటీ, అంకె ఏదున్నా చెరపకుండా ఫొటో తీసి ఉంచడంలో ఖర్చు లేదు. అద్దం కొత్తదని, ఏ సంవత్సరం వేయించారో ఒక చీటీ రాసి అడుగున అంటించాలి. రేపు అమ్మేటప్పుడు పాత అద్దమే అని చెప్పి కొన్నవాడి కళ్లు కప్పే పని తప్పుతుంది. విరిగిన పాత అద్దం ముక్క దొరికితే పారేయకూడదు. మందం, అంచు తీరు కొత్తదానికి నమూనా అదే.

ఇంటికి తెచ్చే తీరు

అద్దం తయారయ్యాక కొట్టులోనే అట్ట దానిమీద పెట్టి చూడాలి. అంచు చుట్టూ అరచేయి కాకుండా గుడ్డ నడిపి పెచ్చులూడిన చోటు ఉందేమో చూడాలి. గుడ్డ ఎక్కడ తట్టుకుంటే అక్కడ లోపం. అలాంటిది తీసుకోకూడదు.

ఆటోలో అద్దాన్ని పడుకోబెట్టి తేవడం పెద్ద పొరపాటు. గుంటలో చక్రం పడగానే మధ్యన పగులుతుంది. బొంత పరిచి, అంచు మీద నిలబెట్టి, రెండు వైపులా పరుపో ధాన్యపు సంచో ఆనించి కట్టాలి. 33 కిలోల అద్దానికి ఇద్దరు మనుషులు, చేతులకు తొడుగులు, కాళ్లకు చెప్పులు కావాలి. ఇంటికొచ్చాక ఉత్తి గచ్చు మీద మూల ఆనించకూడదు, కింద చెక్క ముక్కలు రెండు వేసుకోవాలి. బల్ల కాళ్లు నాలుగూ నేలకు ఆనాయో లేదో నీటిమట్టం పెట్టి చూసి, ఊగుతుంటే ముందు కాళ్ల కింద సరిచేయాలి. ఆ తర్వాత రబ్బరు బిళ్లలు పాత మరకల మీదే అంటించి, అద్దం ఒక అంచు మొదట ఆనించి రెండో అంచు మెల్లగా దించాలి. బిళ్లలన్నీ అద్దానికి తగిలితే పైనుంచి అద్దంలోంచి చూసినప్పుడు నల్లటి చుక్కల్లా కనబడతాయి. ఒక్కటి కనబడకపోయినా అద్దం ఎత్తి, ఆ బిళ్ల కింద ఇంకో పొర వేసి మళ్లీ దించాలి.